నాలుగు దిక్కుల సొత్తు: బౌద్ధ వారసత్వం, డిజిటల్ ప్రతి

అమరావతి మహాచైత్యం నేడు ఒక్కచోట లేదు. కృష్ణానది దక్షిణతీరాన, పూర్వం ధాన్యకటకమని పేరొందిన స్థలంలో దాని పునాది దిబ్బా, చుట్టూ కొన్ని శిలలూ మిగిలి ఉండగా, ఒకప్పుడు దాని అండాన్నీ, అంటే గుమ్మటాన్నీ, ప్రాకారాన్నీ అలంకరించిన పలనాటి సున్నపురాతి శిల్పాలలో పెద్దభాగం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలోనూ, సుమారు 120 శిల్పాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, మరికొన్ని ఢిల్లీ, కోల్‌కతా తదితర నగరాలలోనూ ఉన్నాయి. ఇలా చెదిరిపోయిన కట్టడాన్ని రాతితో తిరిగి కూర్చడం దాదాపు అసాధ్యం. తెరమీద కూర్చడం మాత్రం నేడు సాధ్యమే. ఒక్కొక్క ఫలకాన్ని అన్ని కోణాలనుంచి ఫొటోలు తీసి, వాటిని కంప్యూటర్ చేత పోల్పించి త్రిమితీయ రూపాన్ని రాబట్టే ఫొటోగ్రామెట్రీ వంటి పద్ధతులు అందుకు వీలు కల్పిస్తున్నాయి.

ఈ అవకాశం సాంకేతికమైనదే అయినా, దాని వెంట వచ్చే ప్రశ్నలు సాంకేతికమైనవి కావు. పూజకోసం చెక్కిన శిలకు డిజిటల్ ప్రతి తీసినప్పుడు ఆ పూజ్యతలో ప్రతికీ భాగం ఉంటుందా? ప్రతి అందరికీ అందుతున్నప్పుడు మూలం ఎక్కడున్నా ఒకటేనని చెప్పవచ్చునా? దేశాల ఎల్లలు దాటి పలువురు పంచుకునే వారసత్వానికి అసలు యజమాని ఎవరు? వీటికి సమాధానాలను సాధారణంగా మ్యూజియంల విధానాలలోనూ అంతర్జాతీయ న్యాయంలోనూ వెదుకుతారు. అయితే ఆ శిల్పాలకు జన్మనిచ్చిన బౌద్ధ సంప్రదాయమే ప్రతిని గురించీ, ధాతువును గురించీ, ఉమ్మడి సొత్తును గురించీ శతాబ్దాల తరబడి నిశితంగా ఆలోచించింది. ఆ ఆలోచన వెంట నడిస్తే తేలేది ఇది: ధర్మాన్ని చేరవేసే పనిలో ప్రతి మూలానికి తీసిపోదు, కాని మూలం విషయంలో ఉన్న బాధ్యతను ప్రతి తీర్చదు. మొదటిమాటను ఒప్పుకొని రెండవదాన్ని మరిచేవారూ, రెండవదానికోసం మొదటిదాన్ని తోసిపుచ్చేవారూ ఈ సంప్రదాయాన్ని సగమే చదివినవారవుతారు.

చెదిరిన చైత్యం, మిగిలిన చిత్రాలు

మహాచైత్యం చెదిరిన తీరు ఈ విచారణకు మొదటి పాఠం. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్ది నాటికే ఆరంభమై, శాతవాహనుల కాలంలో విస్తరించి, శిల్పశోభతో పరిపూర్ణమైన ఈ స్తూపం, బౌద్ధం ఈ నేలమీద సన్నగిల్లిన తరువాత మట్టిదిబ్బగా మారింది. 18వ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని రాజధానిగా చేసుకొని నగరం కట్టిస్తున్నప్పుడు ఇటుకలకోసం, రాళ్లకోసం దిబ్బను తవ్వారు. ఆ వార్త విని 1797లో బ్రిటిష్ అధికారి కోలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. 1816లో తిరిగివచ్చి, తన చిత్రకారుల చేత శిల్పాలను ఒక్కొక్కటిగా కొలతలతో గీయించాడు. 1845లో మరో అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడినుంచి 1859లో లండన్‌కు ఓడనెక్కాయి. 1880 నుంచి అవి బ్రిటిష్ మ్యూజియం సొత్తయ్యాయి. ఇలియట్ తరువాత రాబర్ట్ సూయల్, జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపే నాటికి చైత్యం ఆకారం గుర్తించడమే కష్టమైపోయింది.

మెకంజీ గీయించిన శిల్పాలలో కొన్ని ఆ తరువాత ఎవరి కంటా పడలేదు. అవి ఏ గోడలో కలిసిపోయాయో, ఏ సున్నపుబట్టీలో కాలిపోయాయో తెలిపే ఆధారం లేదు. వాటి రూపం మాత్రం కాగితం మీద బతికింది. అంటే డిజిటల్ యుగానికి దాదాపు రెండు శతాబ్దాల ముందే, ఈ చైత్యం విషయంలో మూలం నశించి ప్రతి నిలిచింది. స్తూపం తనను తానే చిత్రించుకున్న సంగతి ఇంకా విశేషమైనది: దాని అండం చుట్టూ అమర్చిన ఫలకాలలో అనేకం మీద స్తూపపు బొమ్మే చెక్కి ఉంది. సింహాలు కాపలా ఉన్న ద్వారమూ, నాలుగు దిక్కుల వేదికలపై నిలిపే ఐదేసి ఆయక స్తంభాలూ, పైన ఛత్రాలూ, చుట్టూ ప్రదక్షిణం చేసే భక్తులూ ఉన్న ఆ బొమ్మల ఆధారంగానే పూర్తి కట్టడం ఎలా ఉండేదో పండితులు ఊహించగలిగారు. 2022లో నాగార్జునసాగర్ వద్ద ప్రారంభమైన బుద్ధవనంలోని స్తూపాన్ని అమరావతి నమూనాలో కట్టగలగడానికి కూడా ఇటువంటి ప్రతిరూపాలే తోడ్పడ్డాయి.

బ్రిటిష్ మ్యూజియంలోని ఒక ఫలకాన్ని దగ్గరగా పరిశీలిస్తే ఇంకొక సంగతి బయటపడుతుంది. దాని ఒక ముఖం మీద బోధివృక్షమూ, దాని కింద శూన్యాసనమూ, నమస్కరిస్తున్న ఉపాసకులూ ఉన్నారు. బుద్ధుని మానవరూపంలో చూపక చిహ్నాలతో సూచించిన పాతకాలపు పని అది. కొన్ని శతాబ్దాల తరువాత అదే రాతిని వెనక్కి తిప్పి, రెండవ ముఖం మీద అలంకృతమైన స్తూపాన్నీ, నిలుచున్న బుద్ధుణ్ణీ చెక్కి, పాత ముఖాన్ని లోపలివైపు దాచి తిరిగి అమర్చారు. చైత్యాన్ని కొలిచిన తరాలవారు మూలమంటే మార్పులేనిదని భావించలేదని, తమ కాలపు భక్తికి తగినట్టు దాన్ని మళ్లీ చెక్కడం అపచారంగా ఎంచలేదని ఈ ఫలకం సాక్ష్యమిస్తుంది. గోడకు ఆనించి నిలిపిన రాయి ఒక ముఖాన్నే చూపుతుంది. త్రిమితీయ ప్రతి రెండు ముఖాలనూ, అంటే రెండు యుగాలనూ, ఒకే చూపులోకి తెస్తుంది.

ధాతువు, ప్రతి, పుణ్యం

బౌద్ధులు పూజ్యవస్తువులను మూడు విధాలుగా విభజించారు. బుద్ధుని దేహానికి చెందిన అస్థికలు మొదలైనవి శారీరక ధాతువులు. ఆయన వాడిన పాత్ర, చీవరం, ఏ చెట్టుకింద జ్ఞానం పొందాడో ఆ బోధివృక్షం వంటివి పారిభోగిక ధాతువులు. ఆయనను ఉద్దేశించి, ఆయనను స్మరింపజేయడానికి చేసిన ప్రతిమలు మొదలైనవి ఉద్దేశిక ధాతువులు. పాలి వ్యాఖ్యాన సంప్రదాయంలో స్థిరపడిన ఈ విభజనలో మూడవ వర్గం ఇక్కడ ముఖ్యం. మొదటి రెండింటికీ బుద్ధునితో భౌతికస్పర్శ ఉంది. మూడవదానికి అది లేదు. చూసేవాని మనసును బుద్ధునివైపు తిప్పగలగడమే దాని అర్హత. ఆ లెక్కన అమరావతి శిల్పాలలో అధికభాగం పుట్టుకతోనే ఉద్దేశికాలు. వాటి డిజిటల్ ప్రతి కూడా, ఆ స్మరణకు తోడ్పడినంతమేరకు, అదే వర్గంలో చేరుతుంది.

దీనికి తోడు నాల్గవదిగా ధర్మధాతువు, అంటే బోధనే ధాతువుగా భావించే దృష్టి, బలంగా వ్యాపించింది. సర్వమూ కారణాల వల్లనే పుట్టి, కారణాలు తొలగితే అణగుతుందనే ప్రతీత్యసముత్పాద సిద్ధాంతాన్ని సంక్షేపించే ఒక చిన్న గాథను మట్టిముద్రలపై అచ్చువేసి, వందలూ వేలుగా స్తూపాల గర్భంలో నిక్షేపించేవారు. అటువంటి ముద్రలు భారతదేశమంతటా, ఆగ్నేయాసియాలోనూ దొరికాయి. ఇక్కడ అస్థికల స్థానాన్ని అక్షరాలు ఆక్రమించాయి. అక్షరాలకున్న సౌలభ్యం ఏమిటంటే, వాటిని ఎన్నిసార్లు అచ్చువేసినా ప్రతి అచ్చూ పూర్ణమే. అష్టసాహస్రికా ప్రజ్ఞాపారమిత ఈ తర్కాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయి, ధాతువులతో నిండిన స్తూపాలు కట్టించడం కంటే ప్రజ్ఞాపారమితా గ్రంథాన్ని రాయించి, పూజించి, ఇతరులకు ఇవ్వడం వల్ల కలిగే పుణ్యమే మిన్న అని వాదించింది. ధాతువుకు పూజ్యత ఇచ్చేది జ్ఞానమే గనుక, ఆ జ్ఞానాన్ని పుట్టించే గ్రంథమే మూలమని దాని వాదం.

ఈ విశ్వాసమే ప్రపంచ ముద్రణ చరిత్రను మలుపు తిప్పింది. జపాన్‌లో 8వ శతాబ్దిలో షోతొకు మహారాణి పది లక్షల చిన్న చెక్క స్తూపాలు చేయించి, ఒక్కొక్కదానిలో అచ్చువేసిన ధారణిని, అంటే రక్షగా జపించే మంత్రపాఠాన్ని, ఉంచి ఆలయాలకు పంచింది. 868లో చైనాలో అచ్చయిన వజ్రచ్ఛేదికా సూత్రం, తేదీ నమోదై నేటికీ మిగిలిన అచ్చు పుస్తకాలలో అతిప్రాచీనమైనదిగా పేరొందింది. తల్లిదండ్రుల పేరిట, అందరికీ ఉచితంగా పంచడానికి వాంగ్ జియే అనే వ్యక్తి దాన్ని అచ్చువేయించినట్టు దాని చివర నమోదైంది. అందరికీ ఉచితంగా అనే షరతు నేటి డిజిటల్ గ్రంథాలయాల పత్రాలలో కనిపిస్తే ఆధునిక ఉదారభావమని అనిపిస్తుంది. బౌద్ధులకు అది పదకొండువందల యేళ్లకు పైబడిన దానధర్మం.

ఎల్లలు దాటిన గ్రంథాలు

వజ్రచ్ఛేదిక దొరికిన చోటు చైనాలోని దున్‌హువాంగ్. అక్కడి మొగావో గుహలలో ఒక గది గోడవెనుక శతాబ్దాలపాటు మూసి ఉన్న వేలాది రాతప్రతుల నిధి 1900లో బయటపడగా, 1907లో అరెల్ స్టయిన్, 1908లో పాల్ పెలియో అనే పరిశోధకులు వాటిలో పెద్దభాగాలను లండన్‌కూ పారిస్‌కూ తరలించారు. మిగిలినవి బీజింగ్, సెయింట్ పీటర్స్‌బర్గ్, జపాన్ సేకరణలకు చేరాయి. ఒకే గ్రంథం చుట్ట రెండుగా తెగి, ఒక ముక్క ఒక దేశంలో, మరొకటి వేరొక దేశంలో ఉన్న సందర్భాలున్నాయి. 1994లో బ్రిటిష్ లైబ్రరీ కేంద్రంగా ఆరంభమైన అంతర్జాతీయ దున్‌హువాంగ్ ప్రాజెక్టు, ఈ సేకరణలున్న సంస్థలను ఒక ఒప్పందం కిందికి తెచ్చి, ముక్కల ఫొటోలను ఒకేచోట చూపే ఏర్పాటు చేసింది. ఏ దేశమూ తన వాటాను వదులుకోలేదు గాని, చదివేవాని ముందు గ్రంథం తిరిగి ఒకటయింది.

ఆంధ్రదేశంతో ముడిపడిన ఆచార్యుడు నాగార్జునుని రచనల చరిత్ర ఈ అవసరాన్ని ఇంకా స్పష్టంగా చూపుతుంది. శాతవాహన రాజుకు రాసినట్టు సంప్రదాయం చెప్పే సుహృల్లేఖ పూర్తి సంస్కృత మూలం లభించక, టిబెటన్, చైనీస్ అనువాదాలలోనే సమగ్రంగా నిలిచింది. మూలమధ్యమక కారికలు చంద్రకీర్తి వ్యాఖ్య పుణ్యాన సంస్కృతంలో దక్కాయి; వాటిని వేరొక వ్యాఖ్యతో సహా కుమారజీవుడు 409లో చైనీస్‌లోకి తెచ్చాడు. విగ్రహవ్యావర్తని సంస్కృత ప్రతిని 1936లో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్‌లోని శలు విహారంలో కనుగొన్నాడు. దక్షిణాదిన పుట్టిన ఆలోచన హిమాలయాలకు ఆవల భద్రపడి తిరిగివచ్చిందంటే, పరాయి భాషల్లోకి, పరాయి లిపుల్లోకి దాన్ని ఎత్తి రాసుకున్నవారి శ్రమే కారణం. ఈ కోవలోనే టిబెటన్ గ్రంథాలను అందుబాటులోకి తేవడానికి జీన్ స్మిత్ 1999లో అమెరికాలో స్థాపించిన సంస్థ, నేడు బుద్ధిస్ట్ డిజిటల్ రిసోర్స్ సెంటర్ పేరుతో లక్షలాది పుటలను స్కాన్ చేసి ఉంచుతోంది.

పాలి త్రిపిటకం కథ తెలుగు పాఠకునికి మరింత చేరువైనది. బర్మా రాజు మిండన్ మాండలే నగరంలో త్రిపిటకమంతటినీ 729 పాలరాతి ఫలకాలపై చెక్కించగా 1868లో ఆ పని పూర్తయింది. గ్రంథం నశించకూడదంటే రాతిని ఆశ్రయించాలన్నది ఆనాటి తలంపు. 1885లో బ్రిటిష్ సైన్యం నగరాన్ని ఆక్రమించిన పిమ్మట అక్షరాలలోని బంగారుపూత దోపిడీకి గురైంది, రాళ్లు మిగిలాయి. తరువాత 1954 నుంచి 1956 వరకు యాంగోన్‌లో జరిగిన ఛట్ఠ సంగాయన, అంటే ఆరవ బౌద్ధ సంగీతి, పరిష్కరించిన పాఠాన్ని మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ఉన్న విపశ్యన పరిశోధన సంస్థ డిజిటల్ రూపంలోకి తెచ్చి, అదే పాఠాన్ని బర్మీస్, సింహళ, థాయ్, దేవనాగరి లిపులతో పాటు తెలుగు లిపిలోనూ చదివే వీలు కల్పించింది. పాలికి సొంతలిపి లేదు. ప్రతి దేశమూ తన లిపిలో రాసుకుంది. ఒక లిపిలో ఎక్కించిన పాఠాన్ని నియమబద్ధంగా మరొక లిపిలోకి మార్చే చిన్న ప్రోగ్రాము, లేఖకుల తరాలు చేసిన పనిని క్షణాలలో చేస్తోంది. భట్టిప్రోలు, ఘంటసాల, శాలిహుండం వంటి చోట్ల స్తూపాలు కట్టుకున్న తెలుగునేలకు, దీనితో త్రిపిటకం సొంత అక్షరాలలో సమగ్రంగా అందింది.

శాసనాల విషయంలో డిజిటల్ పద్ధతి ఒక నైతిక గుణాన్ని కూడా చేర్చింది. ఫ్రెంచి పరిశోధన సంస్థ ఎఫెయోకు చెందిన పండితులు రూపొందించిన ‘ఎర్లీ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ ఆంధ్రదేశ’ అనే డిజిటల్ సంపుటంలో, ఎపిడాక్ అనే అంతర్జాతీయ పద్ధతి ప్రకారం, రాతిమీద స్పష్టంగా ఉన్న అక్షరాన్నీ, అనుమానంగా చదివిన అక్షరాన్నీ, పగిలిపోయిన చోట పరిష్కర్త ఊహించి నింపిన అక్షరాన్నీ వేర్వేరు గుర్తులతో నమోదు చేస్తారు. తెలిసినది ఎంతో, ఊహించినది ఎంతో దాచకుండా చెప్పడం ఈ పద్ధతిలోని నియమం. బుద్ధవచనాన్ని చేరవేయడంలో సత్యసంధత పాటించాలన్న సంఘ నియమానికి ఇది దూరమేమీ కాదు. ఈ శాసనాలలోనే అమరావతి దాతలు పలుకుతారు: ఉపాధ్యాయుడు నాగుని కుమారుడైన విధికుడనే చర్మకారుడు, తల్లి, భార్య, సోదరులు, బిడ్డలతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానమిచ్చినట్టు ఒక శాసనం చెబుతుంది. నాగార్జునకొండలోని ఒక శాసనం బోధిశ్రీ అనే ఉపాసిక చేసిన నిర్మాణాలను వర్ణిస్తూ, కాశ్మీర, గాంధార, చీనా, యవన, ద్రమిళ, తామ్రపర్ణి ద్వీపాది దేశాలను పేర్కొంటుంది. ఆ లోయ నాగార్జునసాగర్ నీటికింద మునిగింది. 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల తరువాత కొన్ని కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించగలిగారు. శాసనాల పాఠం మాత్రం ఎక్కడినుంచైనా చదవడానికి అందుతోంది.

ప్రతికి ఉన్న స్వభావం

ఇంతమేరకు ప్రతి వైపు నిలిచిన వాదానికి ఒక తాత్విక ఆధారం కూడా ఉంది. మిలిందుడనే యవన రాజుకూ నాగసేన భిక్షువుకూ నడిచిన సంవాదంగా పేరొందిన మిలిందపన్హలో, రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాములోని జ్వాలా చివరి జాములోని జ్వాలా ఒకటేనా కాదా అన్న చర్చ వస్తుంది. రెండింటినీ పూర్తిగా ఒకటనడమూ, పూర్తిగా వేరనడమూ పొరపాటేనని, ఒకదానినుంచి ఒకటి ఎడతెగక పుడుతూ సాగే ధారయే అక్కడ ఉన్నదని ఆ చర్చ తేలుస్తుంది. నాగార్జునుడు ఈ దృష్టిని మరింత లోతుకు తీసుకుపోయి, ఏ వస్తువుకూ ఇతరాలపై ఆధారపడని సొంత స్వభావం లేదని వాదించాడు. దీని ప్రకారం మూలమన్నది కూడా స్వయంసిద్ధమైనది కాదు; రాయి, శిల్పి, దాత, సంఘం, పూజ, కాలం కలిసి దానిని మూలంగా నిలిపాయి. ప్రతి కూడా అటువంటి కారణసమూహం నుంచే పుడుతుంది. అందుచేత మూలం సత్యమనీ, ప్రతి నీడ అనీ విడదీసే తేలికైన తీర్పు నాగార్జునుని మాధ్యమిక దర్శనం ముందు నిలవదు.

అదే సిద్ధాంతం ప్రతికి అనుకూలంగా మాత్రమే పలకదు. డిజిటల్ ప్రతి శాశ్వతమన్న భ్రమను అది అంతే బలంగా కూల్చుతుంది. తాటాకుకు తేమ, చెద శత్రువులైతే, ఫైలుకు విద్యుత్తు, సర్వరు, ఫార్మాటు, నిధులు, వాటిని కనిపెట్టి ఉండే మనుషులు ప్రాణం. వీటిలో ఏది తప్పినా ప్రతి అందకుండా పోతుంది. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీపై జరిగిన సైబర్ దాడి వల్ల దాని కేటలాగూ, డిజిటల్ రాతప్రతులూ నెలల తరబడి పాఠకులకు అందలేదు. అసలు రాతప్రతులు అరలలో క్షేమంగానే ఉన్నాయి. ఎల్లలు లేవనుకున్న ప్రతులు ఒక్క సంస్థ గుమ్మం మూతపడగానే ప్రపంచమంతటికీ మూతపడ్డాయి. దీనికి మందు పాతదే: ఒక తాటాకు గ్రంథం శిథిలమయ్యేలోగా మరొకటి రాసుకున్నట్టు, ఫైళ్లను పలు దేశాలలో, పలు సంస్థల వద్ద ఉంచి, కాలానుగుణంగా కొత్త రూపాలలోకి మార్చుకుంటూ పోవాలి. ధర్మం నిలవడానికి వాహకం శాశ్వతమై ఉండనక్కరలేదు, అందించే పరంపర తెగకుండా ఉంటే చాలునన్నది బౌద్ధ చరిత్ర నేర్పే సంగతి.

ప్రతి తీర్చని బాకీ

ఉద్దేశిక ధాతువుకు, ధర్మధాతువుకు వర్తించే ఈ తర్కం శారీరక ధాతువు దగ్గర ఆగిపోతుంది. బుద్ధుని పరినిర్వాణం తరువాత అస్థికలకోసం రాజులు యుద్ధానికి సిద్ధపడగా, ద్రోణుడనే బ్రాహ్మణుడు వాటిని ఎనిమిది భాగాలు చేసి పంచాడని మహాపరినిర్వాణ సూత్రం చెబుతుంది. ధాతువును పంచవచ్చు, తరలించవచ్చు, తిరిగి స్తూపంలో ఉంచవచ్చు. నకలు తీయడం మాత్రం కుదరదు. 1851లో సాంచి పరిసర స్తూపాలలో దొరికి లండన్ చేరిన సారిపుత్ర మౌద్గల్యాయనుల అస్థికలు తిరిగివచ్చి, శ్రీలంక, బర్మాలలో భక్తుల దర్శనం పొంది, 1952లో సాంచిలో ప్రతిష్ఠితమయ్యాయి. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపంలో అస్థికలతో పాటు దొరికిన రత్నాలలో తవ్వించినవారి కుటుంబానికి దక్కిన భాగం 2025లో హాంకాంగ్‌లో వేలానికి రాగా, బౌద్ధుల నిరసన, భారత ప్రభుత్వ జోక్యం వల్ల వేలం ఆగి, అదే ఏడు జూలైలో ఆ రత్నాలు భారతదేశానికి చేరాయి. రత్నాల ఫొటోలు వేలంపత్రాలలో ఎంత స్పష్టంగా ఉన్నా ఆ నిరసన చల్లారలేదు. అడిగినవారికి కావలసింది వాటి రూపం కాదు, అస్థికల సన్నిధిలో ఉన్న ఆ వస్తువులే.

ఉద్దేశిక ధాతువుల విషయంలో కూడా ప్రతి అన్నిటినీ తీర్చదు. థేరవాద దేశాలలో విగ్రహానికి నేత్రోన్మీలనం చేసేదాకా, టిబెట్‌లో మంత్రపత్రాలూ ధాతువులూ లోపల నింపి ప్రతిష్ఠ జరిపేదాకా, అది శిల్పమే గాని పూజ్యం కాదు. ఆ క్రియను ఫైలుకు బదిలీ చేయలేరు. తంత్రగ్రంథాల విషయంలో అభిషేకం, గురుముఖతః ఉపదేశం లేకుండా చదవరాదన్న నియమమూ ఉంది. అన్నీ అందరికీ తెరిచి ఉంచడమే మేలన్న గ్రంథాలయ ఆదర్శానికీ, అర్హతను బట్టి అందించాలన్న గురుపరంపరకూ మధ్య ఘర్షణ ఇక్కడ నిజమైనది. దాన్ని సాంకేతిక నైపుణ్యంతో దాటిపోవడానికి బదులు, ఆయా పరంపరల పెద్దలతో కూర్చొని తేల్చుకోవలసి ఉంటుంది.

స్థలానికి ఉన్న విలువ మరొకటి. బుద్ధుడు కాలచక్రతంత్రాన్ని ధాన్యకటకంలో ఉపదేశించాడని టిబెటన్లు నమ్ముతారు. 1416లో లాసా సమీపంలో వెలసిన డ్రెపుంగ్ విహారం ధాన్యకటకం పేరునే ధరించింది. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్షను ఇవ్వడానికి అమరావతినే ఎన్నుకోగా దేశదేశాల నుంచి వేలాది మంది వచ్చారు. ఎల్లలు దాటిన ఈ భక్తి ఒక స్థలాన్ని వెదుక్కుంటూ వచ్చింది. ప్రకాశం జిల్లా చందవరం స్తూపానికి చెందిన ఒక ఫలకం దొంగరవాణాలో ఆస్ట్రేలియా చేరి, అక్కడి నేషనల్ గ్యాలరీ కొన్న తరువాత, పరిశోధకులు దాని మూలస్థానాన్ని గుర్తించిన మీదట 2016లో భారత్‌కు తిరిగివచ్చింది. ఫలకం చందవరానిదని తేల్చిన పరిశోధనకు పోల్చిచూసే ఆధారాలు ఎంత అవసరమో, దొంగసొత్తు ఇల్లు చేరడం అంత అవసరం. ప్రతి ఇక్కడ సాక్షిగా నిలవగలదు, పరిహారంగా నిలవలేదు.

నాలుగు దిక్కుల సంఘం

యాజమాన్యాన్ని గురించిన చివరి ప్రశ్నకు వినయం, అంటే భిక్షుసంఘపు నియమావళి, ఒక విలక్షణమైన భావనను ఇస్తుంది. విహారాలను, భూములను దాతలు ఫలానా భిక్షువుకు గాక చతుర్దిశ సంఘానికి, అంటే నాలుగు దిక్కులనుంచి వచ్చినవారికీ ఇకముందు రాబోయేవారికీ కలిపి, ఇచ్చేవారు. శాతవాహనుల కాలపు నాసిక్ గుహాశాసనాలలో ఈ మాట కనిపిస్తుంది. విహారమూ, దాని స్థలమూ, మంచాలూ, లోహపాత్రలూ, పనిముట్లూ మొదలైన గరుభండాలను, అంటే స్థిరమైన ఉమ్మడి సొత్తును, సంఘం సమావేశమై తీర్మానించినా ఇతరులకు ఇచ్చివేయరాదు, తమలో పంచుకోరాదు అని పాలి వినయం శాసిస్తుంది. కొన్ని సంప్రదాయాల వినయగ్రంథాలు స్తూపానికి చెందిన ధనాన్ని సంఘధనంతో కలపడాన్ని కూడా నిషేధించాయి. ఈ సొత్తు చేతిలో ఉన్నవారు దానికి కాపరులు. వారి పని దాన్ని బాగుచేసి, వచ్చినవారికి వసతి చూపి, రాబోయేవారికి చెక్కుచెదరకుండా అప్పగించడం.

నేటి వివాదాలలో రెండు వాదాలే వినిపిస్తాయి. తవ్వకం జరిగిన దేశానిదే సొత్తని ఒకటి, ప్రపంచమంతటి తరఫున పెద్ద మ్యూజియంలే దాచాలని మరొకటి. చతుర్దిశ సంఘ భావన రెండింటికీ లొంగదు. అందరిదీ అన్న మాటను అది ఒప్పుకుంటుంది. కాని అందరిదీ గనుక నా దగ్గరే ఉండనీ అనేవాణ్ణి, రాబోయేవారికి నువ్వు ఏ వసతి చూపావని నిలదీస్తుంది. ఈ కొలబద్దతో చూస్తే డిజిటల్ ప్రతిని తయారుచేసి, దానికి అధికధర వసూలు చేసే లైసెన్సుతో తాళం వేసే సంస్థ గరుభండాన్ని సొంతం చేసుకున్నట్టే. ఫలకం ఏ ఊరినుంచి వచ్చిందో, ఎవరి దానమో, ఎవరి చేతులు మారి అక్కడికి చేరిందో వివరపట్టికలో రాయకపోవడం కూడా అంతే తప్పు. వివరాలన్నీ ఇంగ్లీషులోనే ఉండి, విధికుని ఫలకాన్ని గురించి ఆ నేలవాసి తన భాషలో చదవలేకపోతే, నాలుగు దిక్కులలో ఒక దిక్కుకు గుమ్మం మూసినట్టే.

కాబట్టి ప్రతిని కలిగి ఉన్నవారికి, మూలాన్ని కలిగి ఉన్నవారికి వేర్వేరు కర్తవ్యాలు ఉన్నాయి. మొదటివారు పూర్తి నాణ్యతతో, ఉచితంగా, మూలస్థానపు భాషలలో వివరాలతో ప్రతిని అందించాలి. ఆ ఫైళ్ల ప్రతులను మూలదేశపు సంస్థల వద్ద కూడా ఉంచాలి. దీక్షతో ముడిపడిన వాటి విషయంలో పరంపర మాట వినాలి. రెండవవారు అది ఎలా చేతికొచ్చిందో దాచక చెప్పి, ధాతువులను, చోరీకి గురైన వాటిని తిరిగి అప్పగించడానికీ, తక్కిన వాటి విషయంలో మూలస్థలపు మనుషులతో చర్చకూ సిద్ధపడాలి. ఒక కర్తవ్యాన్ని నెరవేర్చామని రెండవదాన్ని వాయిదా వేయడానికి వీల్లేదు. అమరావతి ఫలకాలన్నీ తెరమీద ఒక్కటై చైత్యం పూర్ణరూపంలో కనిపించే రోజున కూడా లండన్, చెన్నై, అమరావతుల మధ్య ఆ చర్చ సాగవలసిందే. అప్పటికి ఆ చర్చలో పాల్గొనేవారందరూ ఒకే సాక్ష్యాన్ని చూసి మాట్లాడగలుగుతారు గనుక, అది ఇప్పటికంటే న్యాయంగా సాగే అవకాశం ఉంటుంది.